హొన్నూరమ్మ పెరుగు

ఫిబ్రవరి 11

అత్త పోయిన రోజు ఇంట్లో ఉన్నవన్నీ పారబోశారు. బిందెల్లో నీళ్ళు, గిన్నెలో సంగటి, కుండలో చారు, ఉట్టి మీద మజ్జిగ. చావు జరిగిన ఇంట్లో వండినదేదీ మిగలకూడదు. నేను ఒకటి మిగిల్చాను.

ఏడుస్తూనే మిగిల్చాను. ఆడవాళ్ళంతా శవం చుట్టూ ఉంటే వంటింట్లోకి పోయి, పెరుగు తోడు ఉండే చిన్న మట్టి గురిగిని కొంగు కింద పెట్టుకుని మేకల కొట్టంలో గంప బోర్లించి దాచాను. దినాలు అయ్యేవరకు ఎవరూ చూడకుండా రోజూ ఇన్ని పాలు పోసి బతికించుకున్నాను. దొంగతనం ఇంత సులువని నాకు ఇదివరకు తెలియదు.

ఈ మాట ఈ పుస్తకానికి తప్ప ఎవరికీ చెప్పను. రాయచెర్లులో అందరూ మాట్లాడేది తెలుగే, చదివేది కన్నడం. రెండింటి అక్షరాలూ అక్కాచెల్లెళ్ళే అయినా, నా తెలుగు కోడిగీతల్ని కూడబలుక్కునేంత ఓపిక గోపి బావకు లేదు. మొగుడికి ఓపిక లేకపోవడం కూడా ఒక్కోసారి మంచిదే.

ఫిబ్రవరి 13

ఎందుకు దాచానో కూడా రాసుకోవాలి. లేకపోతే రేపు నా మీద నాకే అనుమానం వస్తుంది.

నాకు పెద్దపేగులో పుండ్లు. పోయిన ఏడాది తుమకూరులో కెమెరా పెట్టి చూసి చెప్పారు. ఒంటికి కాపలా కాయాల్సిన బలగమే తిరగబడి పేగు గోడను కొరుకుతుందట. రక్తం పడుతుంది. ఉన్నపళంగా పరుగెత్తాల్సి వస్తుంది. మందులకు లొంగకపోతే పెద్దపేగు మొత్తం తీసేసి పొట్టకు ఒక సంచి తగిలించాల్సి రావచ్చని డాక్టరమ్మ చెప్పింది. ఆ సంచి మాట విన్నప్పటి నుంచి నాకు వేరే భయాలు లేవు. ఉన్న భయమంతా దానికే సరిపోయింది.

ఏదీ పడని రోజుల్లో కూడా నాకు అత్త పెరుగు పడేది. అత్తంటే పరాయి మనిషి కాదు, మా నాన్న చెల్లెలు హొన్నూరమ్మ. మేనత్తే అత్తగారైంది. ఆ తోడు ఆమెకు వాళ్ళ అత్త నుంచి వచ్చింది. ఆ కాలంలో గొర్రెలు తోలుకుని నెలల తరబడి ఊళ్ళు తిరిగేటప్పుడు, ఒక గుడ్డముక్కను పెరుగులో ముంచి ఎండబెట్టి మూటలో పెట్టుకునేవాళ్ళట. ఎక్కడ పాలు దొరికితే అక్కడ ఆ గుడ్డను ముంచితే మర్నాటికి పెరుగు. ఎండిన గుడ్డలో ఏం బతికుంటుందత్తా అని నేను నవ్వితే, "సచ్చినట్ల పండుకోనుంటాయి పాపా. పాల వాసన తగిల్తే లేస్తాయి" అనేది.

ఫిబ్రవరి 15

నిన్న గురిగిని ఇంట్లోకి తెచ్చి పాలు తోడేశాను. తోడు పుష్పావతక్క ఇంట్లో అడిగి తెచ్చానని చెప్పాను. పుష్పావతక్క మా కూలి గుంపుకు మేస్త్రీ. సోలార్ పార్కులో ప్యానెళ్ళు కడగడానికి, గడ్డి కోయడానికి మమ్మల్ని తోలుకుపోయేది ఆమే.

ఈరోజు మధ్యాహ్నం సంగటిలోకి ఆ పెరుగు వేశాను. మల్లేశప్ప మామ ఒక ముద్ద తిని ఆగిపోయాడు. ఎవరో పిలిచినట్టు వాకిలి వైపు చూశాడు.

"ఎవరింటిదిమ్మా ఈ పెరుగు?"

"పుష్పావతక్క వాళ్ళది మామా."

"ఊఁ" అని మళ్ళీ తినడం మొదలుపెట్టాడు. గిన్నె కడిగినట్టు నాకేశాడు. అత్త పోయాక ఆయన కడుపునిండా తినడం ఇదే మొదలు. నాకు ఏడుపొచ్చింది, ఉల్లిపాయ మీదికి తోశాను.

ఫిబ్రవరి 19

బాగుంది.

ఫిబ్రవరి 27

తుమకూరు పోయివచ్చాం. డాక్టర్ మంగళది మా మడకశిర వైపే, తెలుగులోనే మాట్లాడుతుంది. అత్త పెరుగు తింటే తగ్గుతోందని చెప్పాను. ఎగతాళి చేస్తుందనుకున్నాను. చేయలేదు.

"నీ కడుపులో నువ్వొక్కదానివే లేవు సౌభాగ్యా" అంది. "కోట్లకు కోట్లు బ్యాక్టీరియా ఉంటాయి. ఈ జబ్బున్నవాళ్ళలో మంచివాటికీ చెడ్డవాటికీ మధ్య పొందిక చెడిపోయి ఉంటుంది. కొన్ని మంచి రకాలు పేగు గోడకు బలమిస్తాయి, వాపు తగ్గిస్తాయి, చెడ్డవాటికి చోటు లేకుండా చేస్తాయి. నీలాంటి పెద్దపేగు జబ్బులో కొన్ని రకాలను మందులతో పాటు ఇస్తే కొందరికి మేలు జరిగినట్టు పరిశోధనల్లో కనబడింది. కొందరికే సుమా. ఇంటి పెరుగులో ఏ రకం ఎంత ఉందో ఎవరూ చెప్పలేరు. నీకు పడుతోంది కాబట్టి తిను. కానీ మాత్రల పక్కన కూర్చోబెట్టు. మాత్రల కుర్చీలో కూర్చోబెట్టొద్దు."

తర్వాత మా రక్తసంబంధీకుల్లో ఇంకెవరికైనా ఇట్లాంటిది ఉందా అని అడిగింది. "ఎవరికీ లేదు మేడమ్" అన్నాడు బావ. నేనూ లేదన్నాను. అత్తకు అప్పుడప్పుడు కడుపు నొచ్చేది, కానీ అది గాలి. గాలి ఎవరికి ఉండదు?

బస్సులో వస్తున్నంతసేపూ ఒకటే మాట చెవిలో తిరిగింది. నువ్వొక్కదానివే లేవు. అత్త తిన్న గురిగిలోదే నేను తింటున్నాను. ఆమె కడుపులో ఉన్నవాళ్ళే ఇప్పుడు నా కడుపులో ఉన్నారు. వాళ్ళున్నారు, ఆమె లేదు. అసలు లేదని ఎట్లా అనగలం? ఒళ్ళు జలదరించింది. బావ కిటికీ మూశాడు, చలేస్తోందనుకుని.

మార్చి 4

మా చేను ఉండిన చోట ఈరోజు పని. పార్కుకు లీజుకిచ్చాక ఇప్పుడది చేను కాదు. కంచె, ప్యానెళ్ళు, వాటి మధ్య కంకర దారి. చేను నడుమ ఉండిన పెద్ద బండ నల్లగుండును మాత్రం పెకలించలేక వదిలేశారు. దానికి అటూ ఇటూ ప్యానెళ్ళు నిలబడ్డాయి. అత్త కూలికి వచ్చిన రోజుల్లో మధ్యాహ్నం సద్ది ఆ గుండు చాటున ఒక్కతే కూర్చుని తినేది. మాతో కలిసి తినేది కాదు. బిగువు మనిషి అనుకునేవాళ్ళం.

నీళ్ళు పోసి తుడుస్తుంటే ప్యానెల్ తడిలో నా బొమ్మ కనబడింది. తల వంచి, కొంగు దోపి, ఎడమచెయ్యి పొట్ట పక్కన ఆనించి ఉంది. అది అత్త నిలబడే తీరు. ఆమె ఎప్పుడూ అట్లాగే నడిచేది, చంకలో బిడ్డ ఉన్నట్టు ఎడమపక్క చెయ్యి పెట్టుకుని. నేను చెయ్యి తీసేశాను. ఇంకో వరస తుడిచి చూస్తే మళ్ళీ అక్కడే ఉంది. పెట్టిన గుర్తు నాకు లేదు.

"ఏమ్మే, అచ్చం మీ అత్త నిలబడినట్లే నిలబడినావే" అంది పుష్పావతక్క. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మార్చి 8

శివరాత్రి. అందరూ ఉపవాసం. నేను చాటుగా పెరుగు తిన్నాను. బాగుంది.

మార్చి 13

బలసముద్రంలో పెళ్ళి. భోజనాలకు పిలిస్తే నేను పోయి వాకిలి పక్కనున్న చివరి ఆకు ముందు కూర్చున్నాను. కూర్చున్నాక గుర్తొచ్చింది, అది అత్త చోటు. ఎవరి పెళ్ళయినా ఆమె వాకిలి పక్కనే కూర్చునేది. ఒకాయన కారం చట్నీ వడ్డించబోయాడు. నా నోట్లోంచి మాట ఊడిపడింది.

"వద్దప్పా, కారం ముట్టనని మొక్కుబడి ఉండాది."

నాకు ఏ మొక్కుబడీ లేదు. ఆ మొక్కుబడి అత్తది. ఏ దేవుడికి మొక్కిందో ఈనాటికీ ఎవరికీ తెలియదు.

పక్క వరసలో తింటున్న బావ తలెత్తి చూశాడు. వచ్చేటప్పుడు బైకు మీద, ఊరు కనబడ్డాక, "మాయమ్మ గొంతే" అన్నాడు.

మార్చి 18

గురిగి చప్పుడు చేస్తోంది.

పొద్దున పాలు తోడేసి, మూత పెట్టి, పొయ్యి పక్కన ఉంచాను. బియ్యం ఏరుకుంటూ కూర్చుంటే మూత కింద చిన్న శబ్దం. నిద్రలో మనిషి పెదాలు విప్పినట్టు. కాసేపాగి మళ్ళీ. వేసవిలో తొందరగా పులుస్తుంది, బుడగలు లేస్తాయి, అంతమాత్రం నాకూ తెలుసు. అది చప్పుడు చేసినప్పుడల్లా నా కడుపు కూడా అదే చప్పుడుతో ఎందుకు జవాబు చెబుతుందో అది తెలియదు.

భయం వేసింది. నిజం రాయాలంటే సంతోషం కూడా వేసింది. అత్తంటే నాకు చాలా ఇష్టం. పెళ్ళయి వచ్చిన కొత్తలో నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకుని పేలు చూసిన మనిషి. ఆమే లోపల కూర్చుని కాపలా కాస్తుంటే ఇక నాకు భయం దేనికి?

రక్తం కనబడి చాలా రోజులైంది. ఈరోజు మాత్రలు వేసుకోలేదు. లోపల ఉన్నవాళ్ళకు అవి పడకపోతే? వాళ్ళను మందు పోసి తరిమేసిన పాపం నాకెందుకు? మాత్రల పట్టీలన్నీ బియ్యం డ్రమ్ములో అడుక్కు తోసేశాను.

డాక్టరమ్మ కుర్చీ మాట గుర్తుంది. కానీ ఆమెకు అత్త సంగతి తెలియదు కదా.

మార్చి 19

బాగుంది.

మార్చి 20

బాగుంది.

మార్చి 23

ఎండ ముదరకముందే పని అయిపోయింది. కంచె అవతల మా ఊరి కాపరి బోరయ్య గొర్రెలు మేస్తున్నాయి. నేను నీళ్ళ పైపు చుడుతున్నాను, ఏ ఆలోచనలో ఉన్నానో గుర్తు లేదు. అప్పుడు అరుపు వినబడింది. నాలుక అంగిటికి కొట్టి, చివర పొడుగ్గా లాగే అరుపు. అత్త తన మందను మళ్ళించే అరుపు అది. భూమి లీజుకిచ్చి మంద అమ్మేశాక ఊళ్ళో ఆ అరుపు ఎవరూ వినలేదు.

గొర్రెలన్నీ మేత మానేసి తలలెత్తాయి. కంచె దగ్గరికి వచ్చి నిలబడి నా వైపే చూశాయి. మా గుంపు వాళ్ళూ నా వైపే చూస్తున్నారు. అప్పుడర్థమైంది, అరిచింది నేనని.

నేను జన్మలో గొర్రెలు కాయలేదు. మా నాన్న మడకశిరలో టైలరు. ఆ అరుపు నాకెవరూ నేర్పలేదు.

బోరయ్య కంచె దాకా వచ్చి తుండుతో మొహం తుడుచుకున్నాడు. "హొన్నూరక్క వచ్చిందనుకొంటి గదమ్మా" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఇన్వర్టర్ గది మాత్రం రోజూ లాగే గుయ్యిమంటూ ఉంది.

మార్చి 24

బాగుంది. కొంచెం నీరసం. ఎండలు ముదిరాయి కదా.

మార్చి 30

పుష్పావతక్క ఇంటికొచ్చింది. ఆమెను చూడగానే మామ, "నీ పెరుగు పుణ్యమా అని నోట్లోకి ముద్ద పోతాండాదిమ్మా పుష్పావతీ" అన్నాడు. ఆమె నా మొహం చూసి, "దానికేముండాదిలే మామా" అంది. ఆ మేలు మరిచిపోలేను. కానీ బయటికి రాగానే నా చెయ్యి పట్టుకుంది.

"నేనెప్పుడిచ్చినా నీకు తోడు?"

చెప్పేశాను.

"సావు ఇంట్లోది మిగిలిస్తివా? ఏంది పాపా నువ్వు చేసిన పని! మైల కూడు పెడ్తాండావే ఆ ముసలాయప్పకి. పోయినోళ్ళది ఇంట్లో ఇంత మిగిలుంటే వాళ్ళకి యాడికీ పోబుద్ధి గాదంట."

"పోకుంటే ఏమక్కా? ఉండనీ."

ఆమె నా చెయ్యి వదిలేసింది, వేడి గిన్నె ముట్టుకున్నట్టు. "నీ మొగం చూసుకో అద్దంలో. కండ్ల కింద బొగ్గు పూసినట్లుండాది. చీర నిలబడతాందా నడుముకి? మాత్రలు మింగుతాండావా?"

"బాగుండాక్కా."

"బాగుండా అంట" అని గొణుక్కుంటూ పోయింది.

ఏప్రిల్ 2

ఎర్రగా పడింది. బీట్‌రూట్ తిన్నానేమో.

ఏప్రిల్ 3

ఈ ఇంట్లో బీట్‌రూట్ ఎవరూ కొనరు.

ఏప్రిల్ 5

గుడ్డ కట్టుకోకుండా పనికి పోలేకపోతున్నాను. ఆ గుడ్డల్ని ఇంట్లో ఉతికితే నీళ్ళు చెప్పేస్తాయి, పొయ్యిలో వేస్తే వాసన చెప్పేస్తుంది. బావకు తెలిస్తే తుమకూరు అంటాడు. తుమకూరు అంటే సంచి. అందుకే పార్కులోకి పట్టుకుపోయి పూడ్చేస్తున్నాను. ఎక్కడ పూడ్చాలని ఆలోచించలేదు. కాళ్ళే నల్లగుండు వెనక్కి తీసుకుపోయాయి. ప్యానెళ్ళు కడిగిన నీళ్ళు అటే జారతాయి కాబట్టి నేల మెత్తగా ఉంటుంది. గడ్డి కొడవలి సరిపోతుంది.

గుడ్డను నాలుగు మడతలు వేసి, మూలలు లోపలికి దోపి, ఎడమపక్క ముడి వేస్తున్నాను. ఎందుకట్లా చేస్తున్నానో తెలియదు. చేతులకు అట్లాగే వస్తోంది.

పెరుగు మూడుపూటలా తింటున్నాను. లోపలివాళ్ళకు ఆకలి వేసినట్టుంది.

ఏప్రిల్ 9

ఉగాది. అందరికీ వడ్డించాను. నేను కూర్చోలేదు. బాగుంది.

ఏప్రిల్ 10

బాగుంది.

ఏప్రిల్ 12

పొద్దున పని మధ్యలో పరుగెత్తాల్సి వచ్చింది. ఆ తర్వాత గుండు వెనక్కి పోయి గుంట తీశాను. కొడవలి పక్కకు జారింది. మెత్తగా ఏదో తగిలి పైకి లేచింది. మడతపెట్టిన గుడ్డ. ఎడమపక్క ముడి.

నాదే అనుకున్నాను. కానీ నేను పూడ్చినవన్నీ పాత తెల్ల తువ్వాలు ముక్కలు. ఇది చిలకాకుపచ్చ, ఆవపండు రంగు అంచు. అత్త చీర. పోయిన దసరాకు చిరిగిపోయిందని పక్కన పడేసిన చీర.

ఇంకొంచెం తవ్వాను. ఇంకోటి వచ్చింది. దాని కింద ఇంకోటి. బావ పాత లుంగీ ముక్క. మామ పంచె ముక్క. లోపలికి పోయేకొద్దీ గుడ్డ రంగు పోయి మట్టి రంగు, వేళ్ళలాగా పీచులు పీచులుగా వచ్చాయి. అన్నీ నాలుగు మడతలే. అన్నిటికీ ఎడమపక్క ముడే. పైన ఉన్న నావి కూడా అట్లాగే. పక్కపక్కన పెట్టి చూస్తే కట్టింది ఒకే మనిషి అంటారు.

మరకలున్నాయి. నల్లబడిపోయాయి, అయినా నాకు తెలుసు అవి ఏమిటో. నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?

"అత్తా" అన్నాను పైకే. నా కడుపులోంచి ఆ చప్పుడు వచ్చింది. ఎన్నాళ్ళుగానో జవాబనుకున్న చప్పుడు. ఈసారి చెయ్యి పెట్టి చూసుకుంటే అది నొప్పి. ఎడమపక్క నొప్పి. అందుకే ఆమె చెయ్యి ఎప్పుడూ అక్కడ ఉండేది. పరుగెత్తడానికి వాకిలి పక్కన కూర్చునేది. మంట భరించలేక కారం ముట్టేది కాదు. గుండు చాటున ఆమె ఒక్కతే తిన్నది సద్ది కాదు, గుడ్డలు పూడ్చడానికి వచ్చి తిన్నట్టు కూర్చునేది. మేము బిగువు అనుకున్నాం, మొక్కుబడి అనుకున్నాం.

పెరుగులోంచి అత్త నా లోపలికి రాలేదు. ఆమెకున్నదే నాకూ ఉంది. మా నాన్న వైపు నుంచి వచ్చిన రక్తం అది, పెరుగు కంటే ముందే వచ్చింది.

గొర్రెల అరుపు ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం తెలియదు. దాని జవాబు నేను వెతకను.

ఏప్రిల్ 12, మధ్యాహ్నం

మామ అరుగు మీద తాడు పేనుతున్నాడు. దగ్గర కూర్చుని అడిగాను, చివర్లో అత్తకు ఏమైందని.

"గాలి సోకిందనిరి అందరూ. మనిషి చిక్కి పుల్లయిపాయె. ఆసుపత్రికి పోదాం పాయే అంటే ఇనేది గాదు. నా పెరుగుండాది, నాకేం అనేది. దినామూ పొద్దున లేస్తూనే అడుగుతాంటి, ఎట్లుండావే అని. 'బాగుండా' అనేది." తాడు పేనడం ఆపాడు. "పోయిన దినం గూడా అడిగినా పాపా. 'బాగుండా' అనింది. మళ్ళా ఇంగ మాట్లాడలేదు."

లోపలికొచ్చి ఈ పుస్తకం వెనక్కి తిప్పాను. ఆ మాట నేను ఎన్నిసార్లు రాశానో లెక్కపెట్టలేదు. పేజీలు తిప్పితేనే తెలుస్తోంది. అది నా అక్షరాల్లో ఉన్న అత్త మాట.

బావ రాగానే చెప్పాను. "బావా, నాకు బాగలేదు." ఇంత చిన్న మాటకు నోరు తిరగడం ఇంత కష్టమా అనిపించింది. గుడ్డల సంగతి, మాత్రల సంగతి, గురిగి సంగతి వరసగా చెప్పుకుపోయాను. అరుస్తాడనుకున్నాను. బావ పోయి బియ్యం డ్రమ్ము నేల మీద బోర్లించాడు. బియ్యంలో కూర్చుని మాత్రల పట్టీలు ఏరుతూ ఏడ్చాడు.

"మాయమ్మ నాకు గూడా చెప్పలేదే" అన్నాడు. "నువ్వు గూడా అట్లనే చేస్తివా?"

ఏప్రిల్ 16

ఆసుపత్రి. చేతికి సూది, సీసా. మందు ఒంట్లోకి దిగుతుంటే నాలుక మీద ఇనుము రుచి.

డాక్టర్ మంగళ తిట్టింది. తిట్టడం అయ్యాక మంచం మీద కూర్చుంది. "పెరుగు నీకు చెడు చేసిందని నేను అనను. మాత్రలతో పాటు తిన్నన్నాళ్ళు నీకు తగ్గింది. అందులో పెరుగు వంతెంతో మాత్రల వంతెంతో చెప్పడం నా వల్ల కాదు. మాత్రలు మానేశాక మాత్రం పెరుగొక్కటే నిన్ను నిలబెట్టలేకపోయింది. ఇప్పుడు పేగు పచ్చిపుండుగా ఉంది. నేనిచ్చే మందులు ఒంటి కాపలాను తగ్గిస్తాయి. ఈ సమయంలో బతికున్న క్రిములు వద్దు. తర్వాత మనిద్దరం మాట్లాడుకుని చూద్దాం."

సంచి గురించి అడిగాను. "మందుకు ఎట్లా లొంగుతుందో చూడాలి. ఇప్పుడే మాటివ్వలేను" అంది. ఏడ్చాను. ఆమె ఏడవనిచ్చింది.

తర్వాత మళ్ళీ అదే ప్రశ్న వేసింది, రక్తసంబంధీకుల్లో ఎవరికైనా ఉందా అని. ఈసారి బావ కంటే ముందు నేనే నోరు తెరిచాను. "మా మేనత్తకు ఉండింది." చెయ్యి సంగతి, కారం సంగతి, గుండు వెనక గుడ్డల సంగతి అన్నీ చెప్పాను. చూడని మనిషి గురించి ఖాయంగా చెప్పలేనంది. కానీ గుర్తులన్నీ అవేనంది, ఈ జబ్బు కొన్ని కుటుంబాల్లో కనబడడం ఉందంది.

మామ తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాడు. భార్యకు రక్తం పోయేదని ఆయన వినడం అదే మొదలు.

"దానికి పేరుండాదా డాక్టరమ్మా?" అని అడిగాడు.

"ఉంది పెద్దాయనా." పేరు చెప్పింది. ఆయన పలకబోయాడు, నోరు తిరగలేదు.

"మందు గూడా ఉండాదా?"

"ఉంది."

ఆయన తుండు మొహానికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగాడు. బావ పోయి భుజం మీద చెయ్యి వేస్తే తోసేశాడు.

ఏప్రిల్ 18

పుష్పావతక్క ఫోన్ చేసింది. మేకలకు మేత వేయమని తాళంచెవి ఆమెకే ఇచ్చి వచ్చాం.

"ఏమ్మే, ఆ గురిగి బోర్లించి పోదామని వంటింట్లోకి పోయినా. నిండుగా తోడుకోని ఉండాది. కొత్త పెరుగు. నేను పాలు పోయలేదు. తాళంచెవి నా కొంగులోనే ఉండాది. ఎవరు పోసినారే?"

బయల్దేరే తొందరలో నేనే పోసి ఉంటానేమో. గుర్తు లేదు. ఇన్ని రోజులు అది కొత్తగా ఎట్లా ఉంటుందని అడగబోయి మానుకున్నాను.

"పారబోయల్లా వద్దా? చెప్పు."

"మూత పెట్టక్కా. నేనొచ్చినాక చూస్తా."

"నువ్వొస్తావు గదా?" అంది.

ఏప్రిల్ 19

మధ్యాహ్నం. బావ, మామ టీ తాగడానికి కిందికి పోయారు. మంచం మీద ఎండ పడింది.

ఎడమపక్క మళ్ళీ మొదలైంది. మెల్లగా, ఎవరో లోపల చాప చుడుతున్నట్టు. నర్సు తలుపులోంచి తల పెట్టి ఎలా ఉందని కన్నడంలో అడిగింది. నేను నోరు తెరవకముందే జవాబు బయటికొచ్చింది, తెలుగులో.

"బాగుండా."

గొంతు నాది కాదు. నర్సుకు ఆ సంగతి తెలియదు. తలూపి వెళ్ళిపోయింది. ఆమె చెప్పుల చప్పుడు వరండాలో దూరమవుతుంటే వింటూ పడుకున్నాను. ఎడమచెయ్యి పొట్ట మీదికి వచ్చి ఉంది. పెట్టిన గుర్తు లేదు. తీసేద్దామనుకున్నాను, కానీ తీయబుద్ధి కాలేదు. పాపం, ఎంతకాలం ఒక్కతే పట్టుకుని ఉందో. అక్కడే ఉండనిచ్చాను.

కుడిచేత్తో బెల్లు నొక్కాను. నర్సు తిరిగొచ్చింది.

"బాగలేదు" అని చెప్పాను.